టర్న్ లిమిట్ ఎత్తేస్తే గేమ్ బాగుపడుతుందా? పంజెర్ జనరల్ డిజైన్ మీద ఎడతెగని గొడవ

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనాపతిగా, వంతులవారీగా (టర్న్‌లు) గడుల మ్యాప్ మీద ఆడే కంప్యూటర్ గేమ్ పంజెర్ జనరల్. అది ఆడినవాళ్లని ‘ఆ గేమ్‌లో ఏది తీసేయమంటారు’ అని అడిగి చూడండి. ఎక్కువమంది నోట ముందొచ్చేది టర్న్ లిమిట్, అంటే ఇన్ని టర్న్‌లలోపే యుద్ధం ముగించాలన్న గడువు. సైన్యం చెక్కుచెదరలేదు, శత్రువు కొనఊపిరితో ఉన్నాడు, పట్టుకోవాల్సిన చివరి జెండా గడి చేతికందే దూరంలో ఉంది. అంతలో టర్న్‌లు అయిపోయాయి, మీరు ఓడిపోయారు పొమ్మంటుంది గేమ్. క్యాలెండర్ చూసి ఓటమి ఒప్పుకునే సేనాపతి ఎక్కడైనా ఉంటాడా అన్నది అభిమానుల వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ గడువును పీకేస్తే దాని వెనకాలే గేమ్‌లో సగం ఊడి వస్తుంది. కోపం తెప్పించే మిగతా మూడు నాలుగు విషయాలూ దాంతో ముడిపడినవే.

1994లో స్ట్రాటెజిక్ సిమ్యులేషన్స్ అనే అమెరికన్ కంపెనీ డాస్ కంప్యూటర్ల కోసం దీన్ని తెచ్చింది. ఎస్ఎస్ఐ అంటే పాత ఆటగాళ్లు వెంటనే గుర్తుపడతారు. జపాన్‌లో అప్పటికే పేరున్న దైసెన్‌ర్యాకు గేముల ప్రభావం దీని మీద బాగా ఉంది. ఆ తర్వాత 1995లో అలైడ్ జనరల్, 1996లో ఫాంటసీ జనరల్, 1997లో పసిఫిక్ జనరల్, అదే ఏడాది పంజెర్ జనరల్ 2, 1999లో త్రీడీ రూపంలో మూడోది వచ్చాయి. ఎస్ఎస్ఐ కథ ముగిశాక వారసత్వం 2011లో పంజెర్ కోర్‌కు, 2020లో పంజెర్ కోర్ 2కు దక్కింది. పేర్లు మారాయి, బొమ్మలు నునుపుదేలాయి, గొడవ మాత్రం అదే.

వెంట వచ్చే సైన్యం

ఈ సిరీస్ జాతకమంతా ఒక్క నిర్ణయంలో ఉంది. ఒక యుద్ధంలో బతికిన యూనిట్లు తర్వాతి యుద్ధానికి మీ వెంటే వస్తాయి. వీటినే కోర్ అంటారు. అంతకుముందు వార్‌గేమ్‌లు చాలావాటిలో ఏ సీనారియో (ఒక్కో యుద్ధం) సైన్యం ఆ సీనారియోకే. ఇక్కడ పోలండ్‌లో మీరు కొన్న ట్యాంకు దళం ఫ్రాన్స్ చూస్తుంది, రష్యా చూస్తుంది. ఇంగ్లండ్, మాస్కోల దగ్గర ఘనవిజయాలు దక్కితే 1945లో వాషింగ్టన్ గుమ్మం దాకా పోతుంది. ఆటగాడికి ఆ యూనిట్ మీద మమకారం పుట్టేది ఇందుకే. (జర్మన్ సైన్యం నిజంగా చేసిన ఘోరాలు తెరమీద ఎక్కడా కనిపించవన్న విమర్శ కూడా పాతదే. అది న్యాయమైన విమర్శే గానీ, ఇక్కడి చర్చ అది కాదు.)

లెక్క చూద్దాం. మామూలు యూనిట్ బలం 10. పోరాడేకొద్దీ అనుభవం పెరుగుతుంది. ప్రతి 100 పాయింట్లకు ఒక నక్షత్రం, గరిష్ఠంగా ఐదు. నక్షత్రానికి ఒకటి చొప్పున బలాన్ని 10 దాటించి 15 దాకా నింపుకోవచ్చు. ఇప్పుడు 300 అనుభవం, మూడు నక్షత్రాలున్న దళం ఒక దాడిలో 4 పాయింట్లు కోల్పోయిందనుకోండి. ఖాళీ నింపడానికి రెండు దారులున్నాయి. చవగ్గా కొత్త రిక్రూట్లను పోస్తే పాతవాళ్ల అనుభవం పలచబడుతుంది. కొత్తవాళ్లు సున్నాతో వచ్చారనుకుంటే 300ను ఆరుతో గుణించి పదితో భాగిస్తే 180. అంటే మూడు నక్షత్రాలు ఒక్క దెబ్బకు ఒకటికి పడిపోయాయి. 13 దాకా నింపుకోగలిగిన దళం ఇక 11 దగ్గరే ఆగిపోతుంది. ఇది ఇష్టం లేకపోతే ఎలీట్ రీప్లేస్‌మెంట్లు కొనాలి. అనుభవం నిలబడుతుంది, ప్రెస్టీజ్ కరిగిపోతుంది. ఈ గేమ్‌లో డబ్బు లాంటిది ప్రెస్టీజ్. ఊళ్లు పట్టుకుంటే, సీనారియోలు గెలిస్తే వస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బాగా ఆడేవాడికి నష్టాలు తక్కువ. కాబట్టి నక్షత్రాలు పెరుగుతాయి, ప్రెస్టీజ్ మిగులుతుంది, తర్వాతి సీనారియో ఇంకా తేలికవుతుంది. తడబడేవాడికి అంతా తిరగబడుతుంది. ఇది సగం క్యాంపెయిన్‌కే (వరస సీనారియోల యాత్ర) ఒకడికి నిద్రొచ్చేలా, ఇంకొకడికి ఏడుపొచ్చేలా చేస్తుంది. దీనికి కళ్లెం కావాలి. టర్న్ లిమిట్ ఆ కళ్లెమే. గడువు లేకపోతే ఏ ఆటగాడైనా ఏం చేస్తాడు? ప్రతి ఊరి చుట్టూ ఆర్టిలరీ (ఫిరంగి దళాలు) పేర్చి, అయిదారు టర్న్‌లు తీరిగ్గా కొట్టి, ఒక్క పాయింటు కూడా పోకుండా లోపలికి వెళ్తాడు. ఇరవై టర్న్‌ల పని అరవైకి సాగుతుంది, సైన్యం మాత్రం మెరిసిపోతుంటుంది. గడువుంటే తొందరపడాలి. తొందరపడితే నష్టాలొస్తాయి. నష్టాలొస్తే నక్షత్రాలు రాలతాయి. సైన్యం అదుపు తప్పి బలవకుండా ఆపేది ఆ నష్టాలే.

డిజైనర్ల ఆలోచన తప్పని నేననను. కానీ ఆ కళ్లెం బిగుసుకుంది బలవంతుడికి కాదు, బలహీనుడికి. గట్టి ఆటగాడు గడువుకు చాలా ముందే జెండాలన్నీ లాగేసి మేజర్ విక్టరీ తీసుకుంటాడు. కొత్తవాడు చివరి టర్న్‌లో మైనర్ విక్టరీతో బయటపడతాడు. వాడికి ప్రెస్టీజ్ తక్కువ దక్కుతుంది, పైగా హడావుడిలో సైన్యమూ పోగొట్టుకుని ఉంటాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. అభిమానుల కోపానికి అసలు కారణం గడువు ఉండడం కాదు, అది ఎవరికి అడ్డుపడాలో వాళ్లకు పడకపోవడం.

పాచికల మీద పగ

రెండో పెద్ద ఫిర్యాదు అదృష్టం మీద. దాడికి ముందు గేమ్ ఒక అంచనా చూపిస్తుంది: శత్రువుకు మూడు పోతాయి, మీకు ఒకటి. నొక్కి చూస్తే శత్రువుకు సున్నా, మీకు నాలుగు. అంతే, అంతకుముందు దాచుకున్న ఆట (సేవ్) తెరిచి మళ్లీ ఆడతారు.

ఇందులో గేమ్ మోసమేమీ చేయడం లేదు. పోరాటంలో ఒక్కో బలం పాయింటు విడివిడిగా పాచిక వేసినట్టే లెక్క. సులువు కోసం ఒక్కో పాయింటుకు దెబ్బ తగిలే అవకాశం 30 శాతం అనుకుందాం. పది పాయింట్ల యూనిట్‌కు సగటు 3. తెరమీద కనిపించే అంచనా ఇదే. కానీ ఆ పది పాచికల్లో ఒకటో సున్నానో మాత్రమే తగిలే అవకాశం దాదాపు 15 శాతం. అయిదూ అంతకుమించీ తగిలే అవకాశమూ దాదాపు 15 శాతమే. ఒక సీనారియోలో 60 దాడులు చేశారనుకుంటే, తొమ్మిది దారుణంగా తప్పుతాయి, తొమ్మిది లాటరీ తగిలినట్టు పండుతాయి. పండినవి ఎవరికీ గుర్తుండవు.

విడి సీనారియోలో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. క్యాంపెయిన్‌లో అలా జరగదు. తప్పిన దాడిలో ఐదు నక్షత్రాల దళం పూర్తిగా నాశనమైతే, అది మళ్లీ దొరకదు. కాబట్టి పాచికలు ఎక్కడైనా పాచికలే అయినా, కోర్ ఉన్నచోట వాటి దెబ్బ శాశ్వతం. సేవ్ తెరిచి మళ్లీ ఆడడం ఆటగాళ్ల బలహీనత అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నాకు అది డిజైన్ నేర్పిన అలవాటుగా కనిపిస్తుంది.

పంజెర్ కోర్‌లో దీనికో విరుగుడు పెట్టారు. పాచికలు లేకుండా, అంచనా ఎంతో ఫలితమూ అంతే వచ్చే చదరంగం తరహా సెట్టింగ్. పెట్టుకుని ఆడినవాళ్లకు వెంటనే ఇంకో తలనొప్పి తెలిసొస్తుంది. ఫలితం ముందే తెలిస్తే ప్రతి దాడినీ అరపాయింటు లాభం కోసం లెక్కగట్టాలి. ఏఐ, అంటే శత్రువుగా ఆడే కంప్యూటర్, ఏం చేస్తుందో కూడా తెలిసిపోతుంది. బలహీనంగా కనిపించే యూనిట్ మీదికి ఎగబడడం దాని స్వభావం. ఒక ఎరను ముందుంచి, వెనక ఆర్టిలరీ పెడితే ప్రతిసారీ వచ్చి పడుతుంది. పాచికలున్నప్పుడు ఆ ఎర అప్పుడప్పుడు నిజంగానే చచ్చిపోయేది, కాస్త భయముండేది.

విశాఖను గడుల్లో గీస్తే

నియమాల తిక్క తెలియాలంటే సొంత మ్యాప్ గీసి చూడాలి. విశాఖపట్నం అందుకు భలే పనికొస్తుంది. కొండ, సముద్రం, సన్నటి ఓడదారి, చిత్తడి అన్నీ పది కిలోమీటర్లలో ఉన్నాయి. చరిత్రలో ఆధారమూ ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ నావికాదళ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బాంబులతో ఆగకుండా దళాలు దిగి ఉంటే అన్న ఊహతో సీనారియో అల్లుదాం.

ముందుగా ఎక్కువమంది పడే గుంట గురించి. ఇప్పటి మ్యాప్ చూసి 1942 ఊరు గీయకూడదు. స్టీల్ ప్లాంటు లేదు, గాజువాకను పట్టణం గడిగా పెట్టకూడదు. పట్టణమంటే వన్‌టౌన్ చుట్టుపక్కల, ఆపైన వాల్తేరు. 1933లో ప్రారంభమైన ఇన్నర్ హార్బర్ ఉంది, అది కూడా ఉప్పుటేరు చిత్తడిని తవ్వి చేసిందే. కాబట్టి రేవుకు పడమర చిత్తడి గడులు పోయాలి.

ఒక గడికి ఒక కిలోమీటరు అనుకుందాం. రేవు పక్క కొండ డాల్ఫిన్స్ నోస్ నుంచి కైలాసగిరికి తొమ్మిది పది గడులు వస్తాయి. భీమిలి దగ్గర దిగిన దళానికి రేవు దాదాపు 25 గడుల దూరం. ఈ సిరీస్‌లో నడిచే పదాతిదళం టర్న్‌కు 3 గడులే కదులుతుంది. వాహనాలు లేకుండా దిగితే నడకకే 9 టర్న్‌లు.

అసలు తంటా ఓడదారి దగ్గర వస్తుంది. డాల్ఫిన్స్ నోస్‌కూ వన్‌టౌన్‌కూ మధ్య ఛానెల్ వెడల్పు కిలోమీటరులో చిన్న ముక్క. కానీ పంజెర్ జనరల్‌లో నీళ్లు గడి అంచు మీద పారవు. నది అయినా సముద్రమైనా ఒక గడి మొత్తాన్నీ ఆక్రమించాలి. ఛానెల్‌ను ఒక నీటి గడిగా గీశారనుకోండి. కొండ మీది ఆర్టిలరీ యూనిట్‌కూ వన్‌టౌన్‌లో ఉన్న పదాతిదళానికీ మధ్య ఒక గడి ఎడం వచ్చింది. డిఫెన్స్‌లో ఆర్టిలరీ ఆదుకునేది తన పక్క గడిలో ఉన్న స్నేహితుణ్నే. అంటే ఎదురుగా, కళ్లముందు వన్‌టౌన్ మీద దాడి జరుగుతుంటే కొండ మీద తుపాకులు చేతులు కట్టుకుని కూచుంటాయి. పోనీ ఛానెల్ గీయకుండా వదిలేస్తే? యారాడ కొండ మీద దిగిన పదాతిదళం తడవకుండా నడుచుకుంటూ రేవులోకి వచ్చేస్తుంది. రెండూ తప్పే. గడిని అరకిలోమీటరుకు తగ్గిస్తే భీమిలి 50 గడుల దూరమవుతుంది, నడకకే 17 టర్న్‌లు. ఆర్టిలరీ రేంజ్ మాత్రం అవే రెండు మూడు గడులు.

అభిమానులు ఎప్పట్నుంచో మొత్తుకునే స్కేల్ సమస్య ఇదే. అసలు గేమ్‌లోనూ ఒక సీనారియోలో దేశమంతా ఉంటుంది, ఇంకోదానిలో ఒక్క నగరమే ఉంటుంది. పదాతిదళం రెండుచోట్లా మూడు గడులే నడుస్తుంది. కారణం మళ్లీ కోర్. వెంట వచ్చే యూనిట్ సంఖ్యలు సీనారియోకో రకంగా మారిస్తే ఆటగాడికి తన సైన్యం తనది అనిపించదు. అందుకే మ్యాప్‌నే యూనిట్‌కు తగ్గట్టు కుదించారు. ఛానెల్ విషయంలో నా ఓటు నీటి గడికే. తుపాకులను మాత్రం కొండ మీద కాకుండా వన్‌టౌన్‌కు ఆనుకుని ఉత్తరాన పెట్టాలి.

ఇక ముట్టడి. వన్‌టౌన్ గడికి ఉన్న ఆరు పక్కల్లో ఈశాన్యం, ఆగ్నేయం సముద్రం, దక్షిణం ఛానెల్, నైరుతి రేవు. నేల మీద నుంచి దాడి చేయడానికి మిగిలేది రెండే పక్కలు. మొదటి పంజెర్ జనరల్‌లో పట్టణంలో కూర్చున్న దళానికి మొదట్నుంచే 3 మెట్ల కందకం (తవ్వుకుని కూర్చున్న రక్షణ) ఉంటుంది. కదలకుండా కూర్చుంటే మరో 5 పెరిగి 8 దాకా పోతుంది. మీ పదాతిదళం భీమిలి నుంచి తొమ్మిది టర్న్‌లు నడిచి వచ్చేసరికి వాళ్లు నిండా తవ్వుకుని ఉంటారు. దాడి జరిగిన ప్రతిసారీ ఒక మెట్టు దిగుతుంది. రెండు పదాతిదళాలు, వెనక రెండు ఆర్టిలరీలు, పైన ఒక బాంబర్ కలిస్తే టర్న్‌కు అయిదు దెబ్బలు. రెండు టర్న్‌లలో కందకం కరుగుతుంది, చంపడానికి మరో రెండు. పయనీర్ (ఇంజనీర్ల) దళం ఉంటే ఈ మెట్లు దానికి అడ్డు కావు, రెండు పక్కల్లో ఒకటి దానికే ఇవ్వాలి. ట్యాంకును అక్కడ నిలబెట్టడం శుద్ధ దండగ. పట్టణం గడిలో ట్యాంకుకు మామూలు కవచం లెక్కలోకి రాదు, క్లోజ్ డిఫెన్స్ అనే చిన్న అంకె వస్తుంది. మంచి ట్యాంకు దళాలు ఎక్కువగా రాలిపోయేది ఊళ్లలోనే.

వాతావరణం సంగతీ ఇక్కడే తేలుతుంది. వాన పడితే విమానాలు దాడి చేయలేవు, నేల బురదైతే బండ్లు నెమ్మదిస్తాయి. గడువు మాత్రం ఒక్క టర్న్ కూడా జరగదు. విశాఖ ఏప్రిల్‌లో ఎండ కాస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. అదే సీనారియోను తుపాన్ల కాలం అక్టోబరుకు మారిస్తే బాంబర్ ఉన్నా లేనట్టే. అయిదు దెబ్బలు నాలుగవుతాయి, చిత్తడి వైపు నుంచి చుట్టి రావడం కుదరదు.

మరమ్మతులు, కొత్త గాయాలు

తర్వాతి గేములు ఊరుకోలేదు. పంజెర్ జనరల్ 2లో గెలుపును మూడు మెట్లు చేశారు. త్వరగా ముగిస్తే బ్రిలియంట్, తర్వాత మామూలు విక్టరీ, చివర టాక్టికల్. గడువు దాటితే తలుపు ఒక్కసారిగా మూసుకోకుండా కొద్దికొద్దిగా మూసుకుంటుంది. మంచి మార్పే. కానీ బ్రిలియంట్ వస్తే ఇంకా రంగంలోకి రాని ప్రోటోటైప్ యూనిట్ బహుమతిగా వచ్చేది. అంటే బాగా ఆడేవాడికే ఇంకో ఆయుధం. కళ్లెం వేయాల్సిన చోట కొరడా ఇచ్చారు. చేత్తో గీసిన ఆ మ్యాప్‌ల అందం వల్ల ఈ లోపాన్ని జనం చాలావరకు క్షమించేశారు. మూడో భాగం త్రీడీకి మారినప్పుడు అంత ఉదారంగా లేరు.

పంజెర్ కోర్ 2 వేరే దారి పట్టింది. కోర్‌కు స్లాట్లు, అంటే చోట్ల హద్దు, పెట్టింది. ప్రతి యూనిట్‌కు బరువును బట్టి స్లాట్లు, టైగర్ లాంటి భారీ ట్యాంకుకు ఎక్కువ. అప్పుడు ప్రెస్టీజ్ ఎంత మూలుగుతున్నా సైన్యం ఒక హద్దు దాటదు. ఇన్ని ప్రయత్నాల్లో సమస్యను వేరు దగ్గర పట్టుకున్నది నా దృష్టిలో ఇదొక్కటే. దీని మీదా అలకలున్నాయి: కష్టపడి సంపాదించిన ప్రెస్టీజ్ ఖర్చు పెట్టే చోటు లేకపోతే ఎందుకు? శత్రువును చుట్టుముడితే సరఫరా తెగి నీరసించే నియమం కూడా ఇందులో ఉంది. దానివల్ల ఊరిని ఎదురుగా ఢీకొట్టకుండా పక్కనుంచి పోయేవాడికి లాభం. 2015లో వచ్చిన ఆర్డర్ ఆఫ్ బ్యాటిల్: పసిఫిక్‌లో సరఫరా దారుల లెక్క ఇంకా గట్టిది. భీమిలి దగ్గర దిగిన మన దళానికి అక్కడి తీరం చేజారితే రేవు దాకా పోయినా తిండి అందదు.

గడువులో గెలవాలంటే

పాత గేమ్‌నే పట్టుకుని ఆడేవాళ్లకు దాడి వరస ముఖ్యం. ముందు రీకన్ (నిఘా దళం) కదలాలి, ఎందుకంటే అది దూరం చూస్తుంది. కనపడని శత్రువును గుద్దుకునే పని తప్పుతుంది. ఆ తర్వాత బాంబర్, ఆర్టిలరీ. ఆర్టిలరీ దెబ్బకు అణిగిపోయిన పాయింట్లు ఎదురు కాల్చవు కాబట్టి పదాతిదళం వాటి వెనకే వెళ్లాలి. శత్రువు పక్కన ఆర్టిలరీ ఉంటే అది మీ దాడిని ముందే చీలుస్తుంది, ఆ గడిని విడిచి ఆర్టిలరీనే ముందు చూసుకోవాలి. ట్యాంకులు మైదానంలోకి పారిపోయి వచ్చినవాళ్ల కోసం.

చివరి టర్న్‌లో ఓడిపోయేవాళ్లు చాలామంది చంపలేక కాదు ఓడేది. జెండా గడి ఖాళీ అయ్యాక అందులోకి అడుగుపెట్టడానికి కదలని యూనిట్ ఒక్కటీ మిగలక. వేగమైనదాన్ని ఒకదాన్ని ప్రతి ఊరి వెనకా కట్టేసి ఉంచండి, ఎంత ఊరించే దాడి కనిపించినా దాన్ని ముట్టకండి. రీప్లేస్‌మెంట్లు కూడా శత్రువు పక్కన నిలబడి తీసుకోవద్దు. పక్కన శత్రువులు పెరిగేకొద్దీ వచ్చే బలం తగ్గిపోతుంది. ఒక టర్న్ వెనక్కి తగ్గి నింపుకుంటే నిండుగా వస్తుంది. రిక్రూట్లా ఎలీటా అన్నదానికి నా పద్ధతి ఇది: నక్షత్రం లేని పదాతిదళానికి ఎప్పుడూ రిక్రూట్లే, రెండు నక్షత్రాలు దాటిన ట్యాంకుకూ ఫైటర్‌కూ ఎప్పుడూ ఎలీటే.

సొంత సీనారియోకు గడువు పెట్టేటప్పుడు నడక, ముట్టడి విడివిడిగా కట్టి కలపాలి. పైన ఒక అయిదో వంతు వదలాలి, పాచికలు తప్పిన రోజుకు. మన విశాఖ మ్యాప్‌కు నడక 9, ముట్టడి 4 కలిపి 13, వదులు 3తో 16 టర్న్‌లు. అక్టోబరుకు మార్చితే 20కి తక్కువ పెట్టొద్దు. ఆర్కే బీచ్ దగ్గరే దించితే నడక రెండు టర్న్‌లకు పడిపోతుంది, కందకం నిండదు, పదింటిలోపు అయిపోతుంది. అప్పుడు వన్‌టౌన్‌లో రెండు దళాలు చాలవు, వాల్తేరు మెరక మీద ఇంకొకటి పెట్టి చూడండి.